పెద్దవాళ్లతో బౌద్ధ యాత్ర: అనురాధపురం ముందా, బోధ్‌గయ ముందా?

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. ఇండియా దానికి యాభై రెట్లు. బుద్ధుడికి జ్ఞానోదయమైంది మన దేశంలో, మొదటిసారి ధర్మం బోధించింది మన దేశంలో, కన్నుమూసిందీ ఇక్కడే. అయినా వయసు మళ్లిన అమ్మానాన్నలను బౌద్ధ క్షేత్రాలకు తీసుకెళ్లాలి, ముందు ఎటు వెళ్లమంటావని ఎవరైనా అడిగితే నేను శ్రీలంకకే వెళ్లమంటాను. రెండు చోట్లకూ అమ్మానాన్నలతోనే వెళ్లొచ్చాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు షుగర్. కాబట్టి నేను చెప్పేదంతా వాళ్ల కాళ్లనూ వాళ్ల కడుపునూ దృష్టిలో పెట్టుకునే.

ముందు ఉత్తరాది యాత్ర సంగతి. సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మనం ఇప్పటికీ మొగల్‌సరాయి అనే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాం. ఒక పగలు, ఒక రాత్రి దాటిన ప్రయాణం. అయినా పెద్దవాళ్లకు రైలంత సుఖం ఇంకెందులోనూ లేదు. పడుకోవచ్చు, లేచి నడవచ్చు, బాత్రూమ్ గురించి టెన్షన్ ఉండదు. ఇంత పెద్ద దేశంలో ఈ మూల నుంచి ఆ మూలకు కింది బెర్తులో పడుకుని పోవచ్చు. శ్రీలంకలో ఈ సదుపాయం అంతగా లేదు. అక్కడా రైళ్లున్నాయి. పట్టాల వెడల్పు కూడా మన బ్రాడ్‌గేజే, ఉత్తరాన జాఫ్నా వైపు లైన్‌ను యుద్ధం తర్వాత మన ఇర్కాన్ సంస్థే మళ్లీ వేసింది. కానీ దంబుల్ల, సిగిరియ లాంటి చోట్లకు రైలు నేరుగా పోదు. కాబట్టి వ్యాన్ మాట్లాడుకోక తప్పదు.

ఉత్తరాదిలో అసలు కష్టం రైలు దిగిన తర్వాత మొదలవుతుంది. గయ స్టేషన్ నుంచి బోధ్‌గయ పదిహేను కిలోమీటర్ల లోపే. ఆ కాస్త దూరానికి ఆటోవాళ్లతో బేరం, సామాను మీద చేతులు వేసి లాక్కునేవాళ్లు, దుమ్ము, హారన్లు. గయలో ఒక హోటల్లో మేం ముందే డబ్బు కట్టిన గదిని పెళ్లివాళ్లకు ఇచ్చేశారు. రాత్రి పదింటికి అమ్మ రిసెప్షన్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ రాత్రే బోధ్‌గయ వెళ్లి ఒక విదేశీ విహారం వాళ్ల అతిథి గృహంలో గది సంపాదించాం. మంచం గట్టిగా ఉంది గానీ దుప్పటి ఉతికింది, బాత్రూమ్ పొడిగా ఉంది, గేటు మూసే వేళ బోర్డు మీద రాసి ఉంది. బోధ్‌గయలో థాయ్, జపాన్, భూటాన్, టిబెట్ వాళ్ల విహారాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని యాత్రికులకు గదులిస్తాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు హోటళ్ల కంటే ముందు వీటిని కనుక్కోండి.

మహాబోధి ఆలయం లోపలికి అడుగుపెట్టాక మాత్రం అంతకుముందు పడ్డ పాట్లేవీ గుర్తుండవు. 2013లో పేలుళ్లు జరిగినప్పటి నుంచి సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు. దానివల్ల ఎంత ప్రశాంతత వచ్చిందో చూసి తీరాలి. చెట్టు కింద అందరి చేతులూ ఖాళీ. ఎవరూ సెల్ఫీ కోసం వెనక్కి వెనక్కి నడవరు. నాన్న అక్కడ రెండు గంటలకు పైగా కదలకుండా కూర్చున్నారు. ఇంట్లో ఆయన పావుగంట కుదురుగా కూర్చోరు.

ఇప్పుడు బోధ్‌గయలో ఉన్నది బుద్ధుడి కాలం నాటి చెట్టు కాదు. అంతకుముందున్న పాత చెట్టు 1876లో గాలివానకు కూలిపోతే, 1881లో బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ మళ్లీ మొక్క నాటించాడు. కానీ క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర ఇక్కడి చెట్టు కొమ్మ ఒకటి శ్రీలంకకు తీసుకెళ్లింది. అనురాధపురంలో నాటిన ఆ కొమ్మ ఇప్పటికీ బతికే ఉంది. మనుషులు నాటిన చెట్లలో, నాటిన కాలం తెలిసి ఇంకా బతికున్న వాటిలో అదే అతి పాతదని చెబుతారు. తల్లి చెట్టు ఉన్న పెద్ద దేశంలో అది కూలిపోయింది. చిన్న దేశం మాత్రం రెండు వేల ఏళ్లకు పైగా ఒక కొమ్మను కాపాడుకుంటూ వచ్చింది. నేను శ్రీలంకను ముందు చెప్పడానికి ఇదొక్కటే కారణమైనా చాలు.

శ్రీలంకకు చెన్నై నుంచి విమానం గంటన్నర లోపే. విమానాశ్రయం ఉన్నది కొలంబోలో కాదు, దానికి ముప్పై కిలోమీటర్లు ఉత్తరాన కటునాయకలో. అనురాధపురం పోయేవాళ్లకు కొలంబో ట్రాఫిక్‌లోకి వెళ్లే పనే లేదు. మేం రాత్రికి పక్కనే ఉన్న నెగొంబోలో ఆగి పొద్దున్నే బయలుదేరాం. ఆ దారిలో తంబుత్తేగమ అనే ఊరు తగులుతుంది. దాని దగ్గర కూడగమ అనే పల్లెలో అహికుంటికలు ఉంటారు. పాములాడించడం, చెయ్యి చూసి జాతకం చెప్పడం వాళ్ల కులవృత్తి. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు యాసే. డ్రైవర్ ఆపమంటారా అని అడిగాడు. నేను వద్దన్నాను. పనిగట్టుకుని వెళ్లి మనుషుల్ని చూసి రావడం నాకు నచ్చదు. కానీ నాన్న ఆ ఊరు దాటేదాకా కిటికీలోంచి తల తిప్పలేదు.

అనురాధపురంలో మేం దిగింది నువర వెవ చెరువు దగ్గర ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో. కింద వాళ్ల కాపురం, పైన అతిథులకు గదులు. అద్దె మన రూపాయల్లో మూడు వేల లోపే, పొద్దున టిఫిన్‌తో కలిపి. ఇంటావిడకు యాభై ఏళ్లుంటాయి, నాకు అక్కలాంటిది. అమ్మ మెట్లెక్కలేదని మేం చెప్పకుండానే చూసి, కింద తన కూతురి గది ఖాళీ చేయించి ఇచ్చింది. మర్నాడు ఎన్నింటికి లేవాలో, ఏ వాకిలి నుంచి పోతే తక్కువ నడకో, పూలు ఏ కొట్టులో కొనాలో అన్నీ చెప్పింది. "ఎండ ఎక్కితే రాయి కాలిపోతుంది, అమ్మకు మేజోళ్లు వేయించండి" అంది. ఇదే పెద్ద విషయం. స్తూపాల చుట్టూ అంతా రాతి పరుపు, చెప్పులు చాలా దూరంలోనే విప్పేయాలి, టోపీ కూడా తీసేయాలి. పదకొండు దాటాక ఒట్టి కాళ్లతో నడవడం కుర్రవాళ్ల వల్ల కూడా కాదు. తెలుపు కట్టుకుని వెళ్తే ఇంకా మంచిది, అక్కడివాళ్లంతా తెల్ల బట్టల్లోనే వస్తారు.

సంఘమిత్ర తెచ్చిన ఆ చెట్టును అక్కడ జయశ్రీ మహాబోధి అంటారు. దాని దగ్గరకు మేం ఆరింటి లోపే చేరాం. సెక్యూరిటీ గట్టిగానే ఉంటుంది, ఆడవాళ్లకు వేరే వరుస. చెట్టు ఎత్తైన అరుగు మీద బంగారు రంగు కంచె లోపల ఉంటుంది. పై అరుగుకు మామూలు యాత్రికులను పోనివ్వరు. ముసలి కొమ్మలకు బంగారు పూత ఊతకర్రలు పెట్టారు. కింద ఇసుకలో కుటుంబాలకు కుటుంబాలు కూర్చుని పాఠం చదువుతున్నాయి. నెలల పిల్లను ఒళ్లో పెట్టుకున్న తల్లి, బడి యూనిఫారంలో పిల్లలు, పక్కన తాతలు. ఒక ముసలాయన రాలిన ఆకును రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుని, పుస్తకం మధ్యలో పెట్టి, పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను సంచిలో పెట్టుకున్నాడు. ఎంత నెమ్మదిగా చేశాడో. బోధ్‌గయలో ప్రపంచమంతా కనిపిస్తుంది. ఇక్కడ ఒక ఊరు తన గుడికి వచ్చినట్టు ఉంటుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చింది.

అక్కడి నుంచి రువన్వెలిసాయ స్తూపం నడిచేంత దూరమే. తెల్లని గుమ్మటం, ఎత్తు వంద మీటర్లు దాటుతుంది. ప్రాకారం నిండా ఏనుగుల వరస. మేం వెళ్లినప్పుడు ఒక ఊరివాళ్లు స్తూపం చుట్టూ కాషాయ వస్త్రం కట్టడానికి పొడవాటి గుడ్డను తలల మీద మోసుకుంటూ వస్తున్నారు. అమ్మ వాళ్ల పక్కన నిలబడితే ఒకావిడ పక్కకు జరిగి గుడ్డ అంచు అమ్మ చేతికి అందించింది. మోకాళ్ల నొప్పులని అక్కడికి దగ్గర్లోని మిహింతలె కొండ 1,840 మెట్లు మానుకున్న అమ్మ, ఆ వస్త్రం పట్టుకుని ప్రదక్షిణ మొత్తం పూర్తి చేసింది. జేతవనారామం ఇటుక స్తూపం. కట్టిన రోజుల్లో దాని ఎత్తు 122 మీటర్లట, ఈజిప్టు గీజాలోని రెండు పెద్ద పిరమిడ్ల తర్వాత ఆనాటి ప్రపంచంలో అంత ఎత్తు కట్టడం లేదు. మా గుంటూరు నుంచి అమరావతి ముప్పై నలభై కిలోమీటర్లే. అక్కడ మాకు మిగిలింది మట్టిదిబ్బ, కొన్ని రాళ్లు. శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి కూడా ఒకప్పుడు ఇలా నిండుగా ఉండేదన్న ఊహ జేతవనారామం ముందు నిలబడితేనే వచ్చింది.

టికెట్ల విషయంలో మాత్రం మన దేశం చెయ్యి పెద్దది. నలందా లాంటి ప్రపంచ వారసత్వ కట్టడాల దగ్గర భారతీయులకు 40 రూపాయలు, శ్రీలంక లాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వాళ్లకూ అదే 40. మిగతా విదేశీయులకు 600. మహాబోధి ఆలయానికి ఎవరికీ టికెట్ లేదు. శ్రీలంకలో విదేశీయుల టికెట్ డాలర్లలో ఉంటుంది, సిగిరియ, అనురాధపురం లాంటి చోట్ల మనిషికి 30 డాలర్ల చుట్టుపక్కల. సార్క్ దేశాలకు రాయితీ ఉంది, అసలు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. రాయితీ పోను కూడా ముగ్గురికి నాలుగైదు చోట్ల టికెట్లు కొంటే ఒక మనిషి విమాన ఛార్జీ అంత అవుతుంది. బడ్జెట్ వేసుకునేటప్పుడు చాలామంది ఇది మర్చిపోతారు.

సిగిరియ గురించి ఎక్కువ రాయను. రాయి మీద అయిదో శతాబ్దపు కోట, సుమారు 1,200 మెట్లు, మధ్యలో ఆ ప్రసిద్ధ చిత్రాలు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు కాదు. అమ్మా నేనూ కింద తోటలో కూర్చున్నాం, నాన్న సగం ఎక్కి దిగి వచ్చారు. దంబుల్ల గుహలు దానికంటే సులువు, లోపల చల్లగా ఉంటుంది, గుహల పైకప్పు నిండా రంగుల చిత్రాలే. పెద్దవాళ్లతో వెళ్తే సిగిరియ డబ్బులు మిగుల్చుకుని దంబుల్లలో తీరిగ్గా గడపండి.

పొలొన్నరువలో గల్ విహారం దగ్గర మాత్రం ఎంతసేపైనా ఉండండి. ఒకే కొండరాతిలో పన్నెండో శతాబ్దంలో పరాక్రమబాహు రాజు కాలంలో చెక్కిన నాలుగు విగ్రహాలు. పడుకున్న బుద్ధుడు పద్నాలుగు మీటర్ల పొడవు. తల కింద గుండ్రని దిండు ఉంటుంది, బరువుకు దిండు కాస్త లోపలికి దిగినట్టు చెక్కారు. రాయి దిగడమేమిటి! కానీ చూస్తుంటే అది దూది దిండే అనిపిస్తుంది. రెండు పాదాలు సమంగా ఉండవు, ఒకటి కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. నిద్ర కాదు, నిర్యాణమని చెప్పడానికి ఆ కాస్త తేడాయే గుర్తు. కుశీనగరంలోనూ పడుకున్న బుద్ధుణ్ని చూశాం. గోరఖ్‌పూర్ నుంచి యాభై కిలోమీటర్లు పోవాలి. ఆ విగ్రహం ఆరు మీటర్లే, చిన్న గదిలో కాషాయ వస్త్రం కప్పి ఉంటుంది, చుట్టూ తిరగవచ్చు, ముఖం దగ్గర నిలబడవచ్చు. శిల్పంగా గల్ విహారం ఎన్నో రెట్లు గొప్పది. ఏడుపు వచ్చింది మాత్రం కుశీనగరంలో. ఆయన నిజంగా పోయిన ఊరు అదే కదా. ఆ ఒక్క విషయంలో శ్రీలంక ఎంత బాగా చూసుకున్నా మన దేశానికి సాటి రాలేదు.

తిండి దగ్గర శాకాహారులకు శ్రీలంకలో జాగ్రత్త కావాలి. అన్నం, నాలుగైదు కూరలు, పప్పు, అన్నిట్లోనూ కొబ్బరిపాలు. చూడ్డానికి మన భోజనంలాగే ఉంటుంది. కానీ సంబల్ అనే కొబ్బరి పచ్చడిలో, ఒక్కోసారి కూరల్లో కూడా ఎండు చేప పొడి వేస్తారు. ఉంబలకడ అంటారు దాన్ని. వెజిటేరియన్ అని చెప్తే వేయరనుకోకండి, చేపను చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఉంబలకడ వద్దని పేరు పెట్టి చెప్పాలి. మా గెస్ట్‌హౌస్ అక్క మాకోసం రోజూ వేరే రోట్లో సంబల్ నూరింది. క్యాండీ దగ్గర గన్నోరువలో ప్రభుత్వ వ్యవసాయ శాఖ ప్రోత్సాహంతో ఆడవాళ్లు నడిపే హెళ బొజున్ అనే తినుబండారాల కేంద్రం ఉంది. రాగులతో, పనసతో, కొబ్బరితో చేసినవి, వేడివేడిగా, చాలా చవకగా. మట్టి కుండలో గేదె పెరుగు మీద జీలుగు పాకం పోసి ఇస్తే నాన్న షుగర్ సంగతి మర్చిపోయారు. బిహార్‌లో ఈ బాధ లేదు, శాకాహారం ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. రాజగీర్ నుంచి నలందా పోయే దారిలో సిలావ్ దగ్గర ఆగి ఖాజా తినండి. మన మడతకాజాకు దగ్గరి చుట్టమే, పాకం తక్కువ, పొరలు ఎక్కువ.

డబ్బు చెల్లించడం: బోధ్‌గయలో తామర పూలమ్మే పిల్ల దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంది. శ్రీలంకలో 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ మొదలైంది గానీ గెస్ట్‌హౌస్‌లో, త్రీవీలర్లకు, పూల కొట్లలో మేం ఇచ్చింది నోట్లే.

వ్యాన్ డ్రైవర్ మంచివాడు. హబరణ ప్రాంతంలో చీకటి పడ్డాక నడపనని ముందే చెప్పాడు, ఏనుగులు రోడ్డు మీదకు వస్తాయి. కానీ మాతలె దాటాక అడగకుండానే ఒక మసాలా తోటకు తీసుకెళ్లాడు. మోకాళ్లకు నూనె అంటూ అమ్మకు మర్దన చేసి, ఆ సీసాకు మన డబ్బుల్లో వేలల్లో ధర చెప్పారు. కొనకపోతే ముఖాలు మాడ్చారు. బయలుదేరే ముందే దుకాణాలు వద్దు, క్షేత్రాలే చూస్తామని చెప్పేయడం మంచిది. ఒకరోజు కావాలనే వ్యాన్ మాని ఎర్ర రంగు ప్రభుత్వ బస్సు ఎక్కాం. ముందు సీట్లు భిక్షువులకు కేటాయించి ఉంటాయి. కిక్కిరిసిన బస్సులో కుర్రాళ్లు మారు మాట్లాడకుండా లేచి అమ్మకు, నాన్నకు చోటిచ్చారు.

క్యాండీలో బస మాకు నచ్చలేదు. ఖరీదెక్కువ, హోటల్ కొండ మీద, ట్రాఫిక్ ఘోరం. బుద్ధుడి దంతం ఉందని చెప్పే దంతధాతు ఆలయంలో సాయంత్రం డప్పుల మోతతో తలుపు తెరిచినప్పుడు కనిపించేది దంతం కాదు, దాన్ని దాచిన బంగారు పేటిక. తోపులాటలో అదీ కొన్ని క్షణాలే. కానీ తెలుగువాళ్లు వెళ్లాల్సిన చోటు ఇది. ఆ దంతాన్ని నాలుగో శతాబ్దంలో కళింగ దేశపు దంతపురం నుంచి హేమమాల అనే రాకుమారి జడలో దాచి తెచ్చిందని కథ. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోని దంతవరపుకోటేనని కొందరు చరిత్రకారుల మాట. క్యాండీని చివరగా ఏలింది నాయక రాజులు, మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్లు. ఊరి మధ్య ఉన్న చెరువు తవ్వించింది వాళ్లలో ఆఖరివాడైన శ్రీవిక్రమ రాజసింహ. 1815లో బ్రిటిష్ వాళ్లు ఆయన్ను పట్టుకుని తర్వాత వేలూరుకు పంపేశారు.

బోధ్‌గయ ఈరోజు ఇలా ఉండటానికి కూడా ఒక శ్రీలంక మనిషి పూనికే పెద్ద కారణం. కొలంబోకు చెందిన అనగారిక ధర్మపాల 1891లో బోధ్‌గయ వచ్చి, ఆ ఆలయం ఉన్న తీరు చూసి తట్టుకోలేక అదే ఏడాది మహాబోధి సొసైటీ స్థాపించాడు. ఆలయ నిర్వహణలో బౌద్ధులకు చోటిస్తూ చట్టం వచ్చింది 1949లో, ఆయన పోయాక. సారనాథ్‌లో 1931లో తెరిచిన మూలగంధకుటి విహారం ఆయన కట్టించిందే. దాని పక్కన ఉన్న బోధివృక్షం అనురాధపురం నుంచి తెచ్చిన మొక్క. సారనాథ్ వెళ్లినవాళ్లు ధమేఖ్ స్తూపం చూసి వచ్చేస్తారు, ఈ చెట్టు దగ్గర కాసేపు ఆగండి.

ఈ రెండు యాత్రల తర్వాత నాకు మన నాగార్జునకొండ మీదే మనసు పోతోంది. ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక అక్కడ తామ్రపర్ణి, అంటే శ్రీలంక ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. సింహళ విహారం కూడా ఉండేది. వాళ్ల దేశపు భిక్షువులకు మన ఊళ్లో వసతి ఏర్పాటు చేసిన మనిషి ఆమె. నాగార్జునసాగర్ తెలంగాణ ఒడ్డున 2022లో తెరిచిన బుద్ధవనంలో శ్రీలంకలోని అవుకన బుద్ధ విగ్రహానికి నకలుగా ఆ దేశం ఇచ్చిన ప్రతిమ ఉంది. జలాశయం మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ మీద మ్యూజియం ఉంది, లాంచీలో వెళ్లాలి. ఇన్ని ఉన్నా మా అమ్మానాన్నలతో అక్కడ రెండు రోజులు ఉండాలంటే నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు. అనురాధపురంలో ప్రతి క్షేత్రం దగ్గరా నీడన కూర్చునే చోటు, శుభ్రమైన మరుగుదొడ్డి, చెప్పులు పెట్టుకునే కొట్టు, పూలు, ఎర్ర కొబ్బరిబొండం ఉంటాయి. అవన్నీ అక్కడ ఉండటానికి కారణం ఆ ఊరివాళ్లే రోజూ వాటిని వాడుకోవడం. మన దగ్గర కూడా ముందు ఈ చిన్న ఏర్పాట్లు జరగాలి. సాగర్ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఒకటి రెండు గదులు యాత్రికులకు ఇచ్చేలా ఎవరైనా పూనుకుంటే, లాంచీ ఏ రోజు ఎన్నింటికో ఇంటి దగ్గరే తెలిసే వీలుంటే, ఏటా బోధ్‌గయకు వచ్చే శ్రీలంక యాత్రికుల్లో కొందరికైనా బోధిసిరి శాసనం సంగతి చెప్పి ఇటు రమ్మనవచ్చు.